జవాబు ఇవ్వకండి

రాత్రి రెండుంబావుకు
దిండుకింద ఫోను ఒక్కసారి ఒణికి ఊకుంటది.
ఎవరి చావు కబురూ కాదు,
టెండర్ల సైటు నుంచి మెయిలు.

నేను పెట్టుకున్న మాటలు మూడే:
మక్తల్, చెరువు, మరమ్మతు.
ఇండ్ల ఏ ఒక్కటి సర్కారు కాయితంల పడ్డా
నన్ను నిద్రలేపమని చెప్పిపెట్టిన.
వలేసి గట్టున పండుకున్నట్టే.
శానా రాత్రులు నాచే పడ్తది:
ఇంకేదో జిల్లా చెరువు,
ఆఫీసు కుర్చీల మరమ్మతు,
గడువు పొడిగింపు, పొడిగింపుకు పొడిగింపు.

మా నాయిన ఆశప్ప సాటింపు ఏసేటోడు.
పటేలు నోట్లె మాట డప్పు మీద మోసుకపోయి
నాలుగు కూడళ్ల దించి వచ్చేటోడు.
నిజమా కాదా అని అడిగే పని ఆయనది కాదు.
సాటింపుకు శేరు జొన్నలు.
నాకు అచ్చయిన సెంటీమీటర్ల లెక్కన పైసలు,
అవీ మూడు నెలలకోసారి,
దసరాకు యాడ్లు తెస్తెనే.

మొన్నటి వలల తిమ్మరాశికుంట పడ్డది.
కొత్త తూము, కట్టకు రాతి కట్టుడు,
ముప్పై ఎనిమిది లక్షల నలభై వేలు.
పని పూర్తి. తుది బిల్లు చెల్లింపు.
పదకొండు పేజీల పీడీఎఫ్,
ఏడో పేజీ అడ్డంగ స్కాన్ చేసిండ్రు,
తల వంచి సదివిన, మెడ పట్టుకున్నది.
సైటును ఏమనలేను.
ఎవరో చెప్పింది చెప్పినట్టు చెప్పింది,
నాయిన తీరు.

తెల్లారి పోతే
కట్ట మీద కుర్వ హన్మప్ప గొర్లు మేపుతున్నడు.
తూము యాడుందన్నా అంటే కట్టెతోని సూపిచ్చిండు:
ఇసుక బస్తాలు, మీద తుమ్మకంప,
సందుల్లకెళ్లి సన్నగ పారుతున్న నీళ్లు.
"ఎవరేసిండ్రు?"
"మేమే. ఇంటికో బస్తా."

ఫోన్ల కాయితం సూపిచ్చిన.
ఇంగ్లీషుల ఉన్నదాన్ని మన మాటల్ల చెప్పిన.
అంకె దగ్గర రెండుసార్లు ఆపిండు.
"ఎన్ని గొర్లొస్తయి దానికి?"
గొర్రెకు పన్నెండు వేలేసుకొని
ఇద్దరం లెక్క కట్టినం. మూడువందల ఇరవై.
ఆయన మందల నలభై ఒకటి.
నవ్వలే. కుంట దిక్కు సూసిండు,
ఆ మూడువందల ఇరవై అండ్లనే మునిగినట్టు.

జరంత సేపటికి అన్నడు:
"గీ ఉత్తరం వాళ్లే పంపిండ్రు గద,
మనం గూడ ఒకటి రాద్దాం,
బస్తాల సంగతి."

కిందికి జరిపిన.
అడుగున చీమల బారు లెక్క అక్షరాలు,
నాలుగేండ్ల సంది రోజూ చూస్తున్నవే,
ఎన్నడూ సదవనివి:
ఇది యంత్రం పంపిన సందేశం.
దయచేసి దీనికి జవాబు ఇవ్వకండి.

"వద్దంటున్నరా?"
"వద్దంటున్నరు."
"మరి నిన్ను ఎందుకు లేపుడు
అద్దుమ రాత్రి?"

పదిహేను సెంటీమీటర్లు రాసి పంపిన,
మెయిలు, ఫోటోలు, బస్తాల లెక్క, అన్నీ.
డెస్కుల నాలుగు మిగిల్చిండ్రు.
బస్తాలు పోయినయి, హన్మప్ప పోయిండు.
అధికారులు స్పందించాలని గ్రామస్థులు కోరుతున్నారు,
అని ఒక ముక్క అతికిచ్చిండ్రు.
ఆ ముక్క నేను రాయలే.
గ్రామస్థులు కోరలే.
వాళ్లు బస్తాలేసిండ్రు.

ఆ రాత్రి అలర్టుల పేజీ తెరిచి
మూడు మాటల కింద నాలుగోది కలిపిన:
హన్మప్ప.

ఎనిమిది నెలలాయె.
చెరువు వస్తది, మరమ్మతు వస్తది,
మక్తల్ పేరు వారానికోసారన్న వస్తది.
ఆ నాలుగో మాటకు మాత్రం
ఫోను ఇంకా ఒక్కసారి గూడ ఒణకలే.

తీసేద్దామని రెండుమూడు సార్లు అనుకున్న.
తియ్యలే.